అరువు ఆకలి

పన్నెండూ పదికి పైడితల్లికి ఆకలి మొదలైంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా తల ఎత్తింది. ఇందుమతి అద్దానికి అవతలి గదిలోకి వెళ్ళి, పైడితల్లి చెవుల వెనక అతికించిన స్పర్శికలు రెండూ తడిగా ఉన్నాయో లేదో వేలితో చూసి, తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఒకరి ఆకలిని ఇంకొకరికి చేర్చే క్షుద్వాహిని తెరిచింది.

"ఇయ్యాల ఏటి పెడతారమ్మా?" పైడితల్లి గొంతు మైకులో వినిపించింది.

"అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు."

"ఎండుచేప నేదా?"

"నాలుగో గది అమ్మాయికి ఏం పెడితే నీకూ అదే పెట్టాలి కదా పైడమ్మా. ఆ పిల్ల చేప తినదు."

"ఆ పిల్ల తినకపోతే నా నోరు ఊరుకుంటాదేటి?" అని పైడితల్లి పెద్దగా నవ్వింది.

ఇరవయ్యేళ్ళు భీమిలి ఒడ్డున చేపలమ్మిన మనిషి. ఆకలిదాతగా చేరి అయిదేళ్ళయింది. కేంద్రంలో ఉన్న తొమ్మిదిమంది దాతల్లో ఆమె ఆకలంత శుభ్రమైన ఆకలి ఇంకొకరిది లేదు. అందులో భయం లేదు, సిగ్గు లేదు, తిననా వద్దా అన్న మీమాంస లేదు. మెదడు అడుగున హైపోథాలమస్‌లో పుట్టి, దారిలో ఎవరి అనుమతీ అడగకుండా సూటిగా చేతిదాకా వచ్చేస్తుంది.

ఆ ఆకలి ధార గోడకి అవతల నాలుగో గదిలో ఉన్న లోహితకి చేరింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఏడాదిన్నర కిందట ఆమెని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆమె మెదడులోనూ ఆకలి పుడుతుంది, కానీ పుట్టిన మరుక్షణం అదుపు వలయం దాని పీక నొక్కేస్తుంది. నొక్కినందుకు బహుమానంగా ఒక తేలికైన సుఖం కూడా ఇస్తుంది. తినకపోవడంలోని సుఖం. ఆ సుఖాన్ని దాటి చెయ్యి కంచం దాకా వెళ్ళాలంటే పైడితల్లి ఆకలి కావాలి.

ఆ సుఖం సంగతి ఇందుమతికి తెలుసు. ఆమె పందొమ్మిదో ఏట క్షుద్వాహినులు లేవు. వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని ముద్దలు కలిపి చేతిలో పెట్టేది. ఒక్కో ముద్దకీ అరగంట. రాయి మింగినట్టు మింగేది. మూడేళ్ళు అలా మింగి బతికింది. మనిషి కోలుకుంది గానీ ఆకలి మాత్రం తిరిగి రాలేదు. పదిహేడేళ్ళుగా గడియారం చూసి తింటోంది. ఒంటిగంటకి మణికట్టు మీది పట్టీ అదురుతుంది. డబ్బా తెరుస్తుంది, నములుతుంది, మూత పెడుతుంది.

"అక్కా, ఇంకొంచెం వేపుడు," మైకులో లోహిత అడిగింది.

ఆ మాట విని ఇందుమతి మనసులో ఇంకొకటి లెక్కపెట్టుకుంది. ఆకలేస్తే కడుపు కాలుతుందని అందరూ అంటారు. ఆమెకి తెలిసింది మాత్రం కడుపుమంట ఒక్కటే. ఏడాదిన్నరలో ఈ పిల్ల 'ఇంకొంచెం' అని ఎన్నిసార్లు అడిగిందో ఆమె దగ్గర లెక్క ఉంది. తను జీవితంలో ఎన్నిసార్లు అడిగిందో ఆ లెక్కా ఉంది.

ఒక్కసారి, ఒక్క పూట తనకి కూడా ధార ఇవ్వమని కేంద్రం పెద్ద డాక్టరు విశ్వంభరాన్ని అడిగింది. ఆయన జాలిగానే చెప్పాడు. "నీకు పోషణ లోపం లేదమ్మా. రుచి లేదంతే. దాన్ని జబ్బు కింద రాయలేను."

తెర మూలన గోడకి అవతలి గది కనిపిస్తోంది. లోహిత కళ్ళు మూసుకుని తింటోంది. ఉన్నట్టుండి చూపుడువేలికి అంటిన చారుని నాకింది. తల పక్కకి వాల్చి, చిన్నగా ఏదో కూనిరాగం తీసింది.

ఇందుమతి చెయ్యి ధార మీట మీదికి వెళ్ళింది. అది సగానికి దిగడం చూసింది. తర్వాత సున్నాకి దిగడం కూడా చూసింది. దించుతున్నది తన వేళ్ళేనని తెలుసు. నువ్వూ చూడు ఎలా ఉంటుందో, అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు.

నాలుగో గదిలో చెయ్యి గాలిలో ఆగిపోయింది. ముద్ద వేళ్ళ మధ్యే ఉంది. లోహిత కంచంవైపు ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తెర మీద అదుపు వలయం ఎర్రగీత లేచింది. అది లేస్తుంటే ఇందుమతికి హాయిగా అనిపించింది. ఆ హాయి తనదేనని తెలిసేసరికి కుర్చీలో ముందుకి వంగింది. మీట పైకి తోసింది. కదలలేదు. సున్నాకి దిగిన ధార నాలుగు నిమిషాలదాకా తెరుచుకోదు. ఒక్కసారిగా పోస్తే మెదడు తట్టుకోలేదు.

ఆమె లేచి నాలుగో గదికి పరిగెత్తింది.

"అక్కా, ఆగిపోయింది," అంది లోహిత.

"నాలుగు నిమిషాల్లో వచ్చేస్తుంది. నేనిక్కడే ఉంటాను." ఇందుమతి ఎదురుగా కూర్చుంది. కంచం ముట్టుకోలేదు, తినమనలేదు.

"మీరప్పట్లో ఇదేమీ లేకుండానే తిన్నారట కదా. పైడమ్మ చెప్పింది. ఎలా తిన్నారు?"

"భయపడుతూనే తిన్నాను."

"భయం తగ్గాక తినొచ్చు కదా?"

"తగ్గేదాకా ఆగితే ఇప్పుడు నీ ఎదురుగా ఉండేదాన్ని కాదు."

లోహిత ముద్దకేసి చూసింది. చివరికి నోట్లో పెట్టుకుంది. నములుతుంటే కళ్ళనీళ్ళు చెంపల మీదుగా కారి కంచంలో పడ్డాయి. రెండో ముద్ద కలిపింది. అది మింగాక ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఆగింది.

"అక్కా, ఇది పైడమ్మది కాదు."

"ఏది?"

"ఆకలి. ఆమెదైతే నోట్లో ఎండుచేప కోరిక తగులుతుంది. నేనెప్పుడూ తినకపోయినా తగులుతుంది. ఇప్పుడది లేదు." గొంతు తగ్గించింది. "చిన్నగా ఉంది. ఎక్కడో లోపల. నాదేనేమో."

ఆరు ముద్దలు తింది. ఇందుమతి ఒక్కోటీ లెక్కపెట్టింది. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది అరువు ఆకలిని చూసి. ఇది అరువు కాదు, ఆ పిల్ల సొంతం. ఆరో ముద్ద గొంతు దిగేసరికి ఇందుమతి కడుపులో మంట ఇంతకు ముందెన్నడూ లేనంతగా లేచింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. మణికట్టు పట్టీలో నాలుగు నిమిషాలూ అయ్యాయని చూశాక, "ధార తెరవనా?" అని అడిగింది.

"ఇవాళ్టికి చాలక్కా," అంది లోహిత. "కడుపు నిండింది."

తన గదికి తిరిగొచ్చేసరికి తెర మీద ప్రశ్న సిద్ధంగా ఉంది. ధార ఎందుకు ఆగింది? యంత్రలోపం అని ఒక్క మాట నొక్కితే చాలు. పాడైన సమాచారమని ఆ నాలుగు నిమిషాలనీ వ్యవస్థ తుడిచేస్తుంది. తన తప్పు పోతుంది. ఆరు ముద్దలూ పోతాయి. రేపటినుంచి లోహితకి మళ్ళీ నిండు ధార. వాహినులు వచ్చిన ఈ ఏడేళ్ళలో ఎవరికీ, ఏ కేంద్రంలోనూ ధార తగ్గించి చూడలేదు. తిండి ముందు కూర్చున్న రోగికి ఆకలి ఆపే ధైర్యం ఎవరికుంటుంది?

ఇందుమతి 'ఇతరం' అన్నది తెరిచి రాసింది: వాహిని నడిపే మనిషి కావాలనే ఆపింది. కారణం అసూయ. ఆపాక గ్రహీత సొంత ఆకలితో ఆరు ముద్దలు తిన్నది.

వ్యవస్థకి ఆ కారణం అర్థం కాలేదు. అర్థం కానివాటిని వాహినులున్న పధ్నాలుగు కేంద్రాలకీ పంపి అడగాలన్నది దాని నియమం. పంపేసింది.

పావుగంటలో విశ్వంభరం వచ్చాడు. నడకలోనే కోపం తెలుస్తోంది.

"అసూయేమిటి ఇందుమతీ? ఎవరి మీద?"

"ఆ పిల్ల మీదే సార్."

"ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసు సార్. పోనివ్వండి. ఆ నాలుగు నిమిషాలు మాత్రం తుడవకండి."

"ఆ పిల్లకేమైనా అయ్యుంటే?"

ఆమె తల దించుకుంది. ఆయన మళ్ళీ నోరు తెరిచేలోగా బల్ల మీది ఫోను మోగింది. ఆయనే ఫోను స్పీకరు నొక్కాడు. దూరపు కేంద్రం నుంచి ఎవరో నడివయసు ఆడమనిషి గొంతు, బెరుకుగా వినిపించింది.

"అసూయ అని రాసింది మీరేనాండీ? మా దగ్గర ఒకావిడ ఆరేళ్ళుగా ధార మీదే ఉన్నారు. తనదంటూ ఏమైనా మిగిలుందో లేదో చూద్దామని నాకెన్నోసార్లు అనిపించిందండీ. భయపడ్డాను. రేపు ఆపి చూడనా?"

ఇందుమతి విశ్వంభరం వైపు చూసింది. ఆయన ఫోను కట్టెయ్యలేదు. కట్టెయ్యమనీ అనలేదు.

"ఒక్కసారిగా ఆపకండి, నేను చేసింది తప్పు," అంది ఇందుమతి. "ఆవిడకి ముందే చెప్పండి. ఒప్పుకుంటే కొంచెం కొంచెం తగ్గించండి. మీరు మాత్రం తెర ముందు ఉండొద్దు. వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చోండి."