బోర్డు అడిగిన పేరు

మూడో గేటు ఎవరూ ఎత్తమనకుండానే లేస్తోంది.

ఆపరేటర్ బొటనవేలు తెల్లబడేలా 'క్లోజ్' బటన్ నొక్కుతూనే ఉన్నాడు. తెర మీద మాత్రం గేట్లన్నీ పచ్చగా, మూసి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. కిటికీలోంచి చూస్తే డ్యామ్ కింద నీళ్లు గోడలా విరుచుకుపడుతున్నాయి. మెయిన్ స్విచ్ పీకేద్దామని సెక్యూరిటీ వాళ్లు గోల పెడుతున్నారు. కరెంటు పోతే డ్యామ్ తెగకుండా గేట్లన్నీ బరువులతో వాటంతటవే పైకి లేచేలా కట్టారని, ముట్టుకుంటే ఊరు మిగలదని ఆపరేటర్ వాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

ఏసీ మెకానిక్ యూనిఫాంలో, భుజాన పనిముట్ల సంచితో ఒకామె లోపలికొచ్చింది. ఆ యూనిఫాం మారువేషం; గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు రంపం. ఆమె ప్రశ్నలు అడిగితే ఎంతటివాడైనా రెండు ముక్కలవుతాడని ప్రతీతి.

గదిలో ఆమెకు మొదట కనిపించింది తన బావ. కుర్చీకి బేడీలు వేసి కూర్చోబెట్టారు. గేట్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ రాసింది అతనే. ఉదయం దానికి అతని ప్యాచ్, అంటే సవరణ, ఎక్కించారు, మధ్యాహ్నానికి గేట్లు లేచాయి. దిగువ ఊరి ఆసుపత్రిలో నర్సు రంపం అక్క. అంటే అతని భార్య. కింది వార్డులో రోగుల్ని ఆవిడ మేడ మీదికి మోయిస్తోందని ఫోన్ వచ్చింది.

డైరెక్టర్ ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"విదేశీ ముఠా పని. లోపలి మనిషి మీ బావే అంటున్నారు. నీకు చుట్టం కాబట్టి తప్పుకుంటావా?"

"చుట్టం కాబట్టే ఎక్కువ చితకబాదుతాను సార్. ఎవరంటున్నారు?"

డైరెక్టర్ కళ్లు కిటికీ దగ్గరికి వెళ్లాయి. అక్కడ మాస్టారు నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. సలహాదారు. రంపానికీ బావకీ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాయడం నేర్పిన మనిషి. నా శిష్యుడే ఇంత పని చేశాడంటే నమ్మలేకపోతున్నానని, ఆధారాలు చెడిపోకముందే గది సీల్ చేయమని ఆయన మెల్లగా అంటున్నారు.

ఇంకో మూల, ఇద్దరు గార్డుల మధ్య, పట్టు స్కార్ఫ్‌తో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది నెమలి. గేట్లని కదిలించే కంట్రోల్ బోర్డులు అమ్మిన కంపెనీ ప్రతినిధి. ముఠా మనిషని అందరికీ తెలుసు. ఆమె మన మనిషి కూడా అని రంపానికీ డైరెక్టర్‌కీ తప్ప ఎవరికీ తెలీదు.

"ఏసీ మరీ చల్లగా ఉంది. తగ్గిస్తారా?" అంది నెమలి.

"ఫిల్టర్ మార్చాలి మేడమ్. పాతది పెట్టిందెవరో?"

సంకేతం కుదిరింది. రంపం ఆమె తల మీది ఏసీ మూత విప్పుతున్నట్టు వంగింది. నెమలి పెదవులు కదలకుండా మాట్లాడింది. బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్, ఫర్మ్‌వేర్, విదేశంలో రాసింది కాదు. ఇక్కణ్ణుంచే ముఠాకి చేరింది. వాళ్లు బోర్డులో నింపి తిరిగి మనకే అమ్మారు. బోర్డుతో వచ్చిన మాన్యువల్‌లో మార్చిన పేజీ కూడా ఇక్కడిదే. పంపిన మనిషెవరో మాత్రం ఆమెకు తెలీదు.

రంపానికి ఒళ్లు మండింది. నేరుగా బావ ముందుకెళ్లింది.

"ఏం మార్చావు బావా?"

"పేరు," అన్నాడతను. "బోర్డు అడిగితే నిజం పేరు చెప్పేలా."

ఆమెకు లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. ఈ వృత్తిలో పసివాళ్లకి కూడా తెలిసిన సంగతది. మెషిన్ ఆన్ కాగానే బోర్డులోని ఫర్మ్‌వేర్ నువ్వెవరని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. బోర్డుల కంపెనీలు ఒకే ఒక్క పేరుమోసిన సిస్టమ్‌తో పరీక్షించి చేతులు దులుపుకుంటాయి. నిజం చెబితే ఫ్యాను తిరగదు, తెర వెలగదు. అందుకని ప్రపంచంలో ప్రతి కెర్నెలూ సిగ్గు లేకుండా ఆ పెద్ద పేరే చెబుతుంది. మాన్యువల్ ఏమన్నా సరే.

"మాన్యువల్ నమ్మావా? నువ్వా? మాన్యువల్ రాసినవాడు చిప్ మొహం కూడా చూసి ఉండడని నాకు చెప్పింది నువ్వు కాదూ?"

"కొత్త పేజీలో నిజం పేరే చెప్పాలని ఉంది. ల్యాబ్‌లో బాగానే..."

"ల్యాబ్‌లో బోర్డుని పరీక్షించింది పాత కెర్నెల్‌తో. పాత అబద్ధం. అందుకే బాగుంది. ఆ పేజీ నమ్మమన్నదెవరు?"

బావ తల దించుకున్నాడు.

"మా అక్క నీళ్లలో రోగుల్ని మోస్తోంది. నువ్వు ఇక్కడ ఎవడి పరువో మోస్తున్నావు."

ఫోన్ మోగింది. ఆసుపత్రి మెట్ల మీదికి నీళ్లొచ్చాయట.

రంపం కంట్రోల్ క్యాబినెట్ తలుపు ఊడబెరికింది.

"అమ్మాయ్, ముట్టుకోకు," అన్నారు మాస్టారు. "సాక్ష్యం పోతుంది."

"ఊరు పోతోంది మాస్టారూ."

చేతి గాజు మెలి తిప్పితే రెండుగా విడింది. లోపల సన్నటి క్లిప్. దాన్ని ఫర్మ్‌వేర్ చిప్ కాళ్లకి పట్టించింది. చిప్‌లోని అక్షరాలు ఆమె వాచీ మీద పరుగెత్తసాగాయి. బోర్డు గుర్తుపట్టే పేర్లు అవి. మొదట ఆ పేరుమోసిన సిస్టమ్. దానికి గేట్లు బుద్ధిగా నడుస్తాయి. తర్వాత బావ సిస్టమ్. దానికి గేట్లెత్తి, తెర మీద మూసినట్టు చూపించాలి; ఒకసారి ఆ పేరు విన్నాక పెద్ద పేరు చెప్పినా మాట వినకూడదు. పళ్లు పటపటా కొరుకుతూ ఆమె ఇంకా కిందికి జరిపింది. ఇలాంటి ఉచ్చు పన్నేవాడు తాను అందులో పడకుండా దొడ్డిదారి ఒకటి ఉంచుకోకపోడు.

ఉంది. చివరి పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

పిచ్చుక.

ఆమె వెనక్కి తిరగలేదు. బావ కుర్చీని బేడీలతో సహా కన్సోల్ ముందుకి ఈడ్చింది.

"పేరు మార్చు. మెషిన్ ఆపకుండా గేట్లని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించు. బోర్డు మళ్లీ అడుగుతుంది."

"ఏమని చెప్పాలి?"

ఆమె వాచీ చూపించింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒంటి చేత్తో టైప్ చేశాడు. ఒకసారి తప్పు కొట్టాడు. ఆమె తిట్టింది. మళ్లీ కొట్టాడు.

తెర నల్లబడింది. మూడో గేటు పూర్తిగా లేవడానికి జానెడు దూరంలో ఉంది. మోటారు మూలిగింది. పచ్చ బొమ్మలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి, తెర మొదటిసారి నిజం చెప్పింది. ఆపరేటర్ బటన్ నొక్కాడు. గేటు వణికి, ఆగి, దిగడం మొదలుపెట్టింది.

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డైరెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఆసుపత్రి నుంచి ఫోన్: నీళ్లు మెట్టు దిగాయి, అందరూ మేడ మీదే ఉన్నారు, ఆయన అన్నం తిన్నారా అని అక్క అడుగుతోందట.

బావ కళ్లు తుడుచుకున్నాడు. "పిచ్చుక ఏమిటి?" అన్నాడు డైరెక్టర్.

"ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సార్," అంది రంపం. "ఈ గేట్ల కోసం పంపితే మీ ఆఫీసు కవరైనా విప్పకుండా తిప్పి పంపింది. దాని బదులు మా బావది తీసుకున్నారు. ఆ ముద్దుపేరు ముగ్గురికే తెలుసు. ఒకరు నేను. ఒకరు బేడీల్లో ఉన్నారు."

కిటికీ దగ్గర కళ్లద్దాలు తుడవడం ఆగింది.

"వాళ్లు నా కోడ్ చదివారమ్మాయ్," అన్నారు మాస్టారు. "ప్రతి లైనూ. ఇక్కడ ఒక్కడూ చదవలేదు."

"చదివేవాళ్లు కావాలని ఊరు ముంచుతారా? మేమిద్దరం చదవలేదూ?" ఆమె వెంటనే బావ వైపు తిరిగింది. "చుట్టాన్ని, నేను చెబితే చెల్లదు. నువ్వు చెప్పు. ఆ పేజీ నమ్మమన్నదెవరు?"

బావ లేచి నిలబడ్డాడు. బేడీ వల్ల కుర్చీ కూడా లేచింది.

"మాస్టారు," అన్నాడు.

గార్డు బావ చేతి బేడీ విప్పి కిటికీ వైపు నడిచాడు. ఏసీ మూత ఇంకా వేలాడుతూనే ఉంది. రంపం దాన్ని బిగిస్తూ, ఆ మాన్యువల్ ఎవరైనా బయట పారేయండని చెప్పింది.