మిన్నీ బే బంకరులో శృతి

మా దీవిలో మిన్నీ బే నుంచి మిడిల్ పాయింట్‌కి ఒడ్డు వెంట ఒక దగ్గరదారి ఉండేది. సగం దారిలో జపాను వాళ్ళు వదిలేసిపోయిన బంకరు. ఎండ మండిపోతున్నా మేకలు దాని నీడకి పోయేవి కావు. చీకటి పడితే లోపల్నుంచి మూలుగు వచ్చేదట... ఏడుపు కాదు. ఎవరో నోరు మూసుకుని ఒకే స్వరం పట్టుకున్నట్టు — మ్‌మ్‌మ్‌... అని. విన్నవాళ్ళకి పళ్ళు జివ్వుమనేవట.

ఇది మా సారా పెద్దమ్మ చెప్పిన మాట. ప్రార్థన చేసుకోకుండా ఏనాడూ మొదలుపెట్టేది కాదు.

యాభై ఏడో సంవత్సరం. గుడ్ ఫ్రైడేకి ఇంకా మూడు రోజులు. తెలుగు, తమిళ, నికోబారీ, రాంచీ నుంచి వలసొచ్చినవాళ్ళు — నాలుగు సంఘాల పాటగాళ్ళు కలిసి గానసమాజం పెట్టుకున్న మొదటి ఏడు. ఒకే పాట, నాలుగు భాషలు. నాయకుడు శృతి ఇచ్చేదాకా ఎవరూ నోరు తెరవకూడదు, అదీ నియమం.

నాయకుడు సుందర్‌రాజ్. రెండు కొమ్ముల ఉక్కు శృతి ఫోర్కుని మోకాలికి కొట్టి, దాని కాడ పళ్ళ మధ్య బిగించి, ఎముకలోంచి విన్న స్వరాన్ని మూసిన పెదాలతోనే అందరికీ ఇచ్చేవాడు. "మద్రాసు నుంచి స్టీమరులో తెప్పించా" అనేవాడు. కాడకి ఎప్పుడూ గుడ్డపట్టీ చుట్టే ఉండేది. ఎడమచేతి వేళ్ళు నాలుగూ వంకర. హార్మోనియం ముట్టుకోలేడు.

అతనికి ముందు తెలుగు గుడిలో శృతి ఇచ్చే పని సారా నాన్న యేసురాజుది. జపాను కాలంలో సైనికులు ఇంట్లోంచి జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. మోగే ఉక్కుముక్కతో ఇంగ్లీషు ఓడలకి కబుర్లు పంపుతున్నాడట! మనిషి రాలేదు. శవమూ రాలేదు. సారా తల్లి సుందరి పదమూడేళ్ళుగా రాత్రి తలుపుకి గడియ పెట్టలేదు.

"ఒక్క ఎముక చూపించవే... మట్టి వేసి పడుకుంటాను" అనేది.

సారాకి ఉన్న కోరికా అదొక్కటే.

ఆ మంగళవారం మిన్నీ బేలో సాధన ఆలస్యమైంది. మిడిల్ పాయింట్‌లో ప్రోతరాపూర్ ఆఖరి బస్సు అందాలి. చేపలుపట్టే మల్లేశు లాంతరు పట్టుకుని ఒడ్డుదారికి తిరిగాడు.

"రోడ్డునే పోదాం" అన్నాడు సుందర్‌రాజ్.

"రోడ్డునెల్తే బస్సు ఛూట్ పోద్ది సార్! ఏటి, దెయ్యమంటే బయమా? శృతి ఇచ్చీయండి, అదీ పాడతాది."

సారా నవ్వింది. సుందర్‌రాజ్ నవ్వలేదు.

బంకరు నల్లగా కనిపించింది. గాలి మళ్ళింది. అంతే —

మ్‌మ్‌మ్‌...

మల్లేశు లాంతరు పైకెత్తాడు. సారా ఆగి చెవి ఒగ్గింది. పదేళ్ళప్పుడు చాప మీద కూర్చుని విన్న స్వరం... నాన్న ఇచ్చే స్వరం.

"ఆపు యేసన్నా!" సుందర్‌రాజ్ కేక పెట్టి ఇసుకలో కూలిపోయాడు. "ఆపు... చెప్పేస్తాను, ఆపు!"

"ఏం చెప్తావు బాబాయ్?" గుసగుసగా అడిగింది సారా.

"ఫోర్కు ఆ వారం నా దగ్గరుంది. నా ఇంట్లోనే దొరికింది. ఒక్కో వేలూ విరిచారమ్మా... నాలుగో వేలికి మీ నాన్న పేరు చెప్పేశాను."

మూలుగు ఆగలేదు.

"తుపాకి మడమలతో మోకాళ్ళు పగలగొట్టారు. ఇప్పుడు పంపరా కబురు అని ఫోర్కు నోట్లో కుక్కి దవడ మీద కొట్టారు. పళ్ళు రాలాయి... స్వరం మాత్రం వదల్లేదు. తెల్లారేదాకా..."

సారా అతని జేబులోంచి ఫోర్కు లాగింది. గుడ్డపట్టీ చింపేసింది. కింద గేలపు దారం చుట్టు, చివర జంటముడి. నాన్న పన్నుకి చల్లదనం తగలకుండా అమ్మ చుట్టింది. దారమంతా నల్లబడిపోయి ఉంది.

ఆదివారం ఆదివారం వాళ్ళింటికి చేపలు పంపే సుందర్‌రాజ్!

"ఎక్కడ?"

"లోపలే... ఎడమ గోడ కింద. నాచేతే తవ్వించారు. అప్పుడే ఫోర్కు తీసి దాచుకున్నాను."

పగడపు రాయి ఎప్పుడు చేతిలోకి వచ్చిందో సారాకి తెలీదు. కొట్టింది. నుదురు చీలి రక్తం కంట్లోకి కారింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"దీదీ, వొద్దు! సచ్చిపోతాడు!"

"చావనీ!"

రాయి మళ్ళీ లేచింది. ఈసారి కణత మీదికి...

మూలుగు టక్కున ఆగిపోయింది.

యేసురాజు పాట ఆపమనడానికి చెయ్యెత్తేవాడు కాదు. తన గొంతు ఆపేసేవాడు — గుడంతా ఆగిపోయేది.

సారా వేళ్ళు వదులయ్యాయి. రాయి ఇసుకలో పడింది.

తెల్లారాక మల్లేశు బంకరు నోట్లోంచి తుప్పుపట్టిన ఖాళీ పెట్రోలు డ్రమ్ము బయటికి లాగాడు. ఒళ్ళంతా తూటా బెజ్జాలు.

"ఇదేనా మన దెయ్యం! గాలి దూరితే పలుకుతాది" అని నవ్వి సముద్రంలోకి దొర్లించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఎడమ గోడ కింద రెండు జానల లోతులో ఎముకలు దొరికాయి. దవడ రెండు ముక్కలు.

గుడ్ ఫ్రైడే నాడు నాలుగు సంఘాలూ గుడికి పోకుండా అక్కడికే వచ్చాయి. సుందర్‌రాజ్ తలకి కట్టుతో అందరికీ వెనక నిలబడ్డాడు. శృతి సారా ఇవ్వాలని పెద్దలు నిర్ణయించారు. సుందరి ఫోర్కుని కొంగున ముడేసుకుని వచ్చి పిడికెడు మట్టి వేసింది. అంతా తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు... గాలి లేదు. సముద్రం నూనెలా ఉంది.

శృతి వచ్చింది. మూసిన పెదాల స్వరం, మెత్తగా.

నాలుగు సంఘాలూ ఒక్క గొంతై అందుకున్నాయి. అంత బాగా వాళ్ళు మళ్ళీ ఎన్నడూ పాడలేదట.

పాట ముగిశాక రాంచీ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "సారా బేటీ, సుర్ బహుత్ అచ్ఛా దియా" అన్నాడు, శృతి చాలా బాగా ఇచ్చావని.

సారా తిరిగి తల్లి వైపు చూసింది. ఫోర్కు ఇంకా తల్లి కొంగులోనే ఉంది... ముడి విప్పనే లేదు.

సుందరి ఆ ముడిని ఒకసారి తడిమి చూసుకుంది.

"పద సారా" అంది నెమ్మదిగా. "ఇంటికెళ్ళి గడియ పెట్టుకుందాం."