మూసిన గదిలో పగడాలు

మొదట చచ్చింది ఊదారంగు పగడం. తర్వాత దాని పక్కది. సోమవారం నాటికి సగం తొట్టె తెల్లబడిపోయింది.

ప్రైవేట్ డిటెక్టివ్ అమల తార్నాకలోని ఆ ఫ్లాట్‌లో అడుగుపెట్టేసరికి సాయంత్రం ఆరు. ఆమె ఒకప్పుడు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కెమిస్ట్. శవాలు కొత్త కాదు. అయినా ఆ ఉప్పునీటి తొట్టెలో ఎముకల్లా మిగిలిన పగడాలను చూస్తుంటే ఎందుకో స్థిమితం తప్పింది.

ఇంటాయన సూర్యనారాయణ, బ్యాంకు ఆఫీసర్, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు.

"ఇది హత్యే అమలగారూ! ఆ శివమ్మ ఫినాయిల్ పోసింది. మొన్న కసిరాను, అది మనసులో పెట్టుకుంది. ఒక్క ఆధారం చూపించండి, ఇవాళే స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తాను."

పనిమనిషి శివమ్మ గుమ్మంలోనే ఉంది. దగ్గర్లోని మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి వచ్చి ఈ వీధిలో నాలుగిళ్లలో పనిచేస్తుంది. పోలీసు మాట వినపడితే చాలు, ఒక్క ఇల్లూ ఆమెను రానివ్వదు. చేతులు ఎప్పుడో ఆరిపోయినా కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

"నేను పొయ్యలే మేడమ్. నా పిల్లల మీద ఒట్టు."

అమల టెస్ట్ కిట్ తెరిచింది. ఉప్పు సరిగ్గా ఉంది. కాల్షియం, ఆల్కలినిటీ కూడా. పీహెచ్ ఒక్కటే పడిపోయింది. సముద్రపు నీటికి 8.2 ఉండాలి. ఇక్కడ 7.7.

"చేపలు తింటున్నాయా సార్?"

"శుభ్రంగా."

"ఫినాయిల్ పడితే ముందు అవే పోతాయి."

"మరి యాసిడ్?"

"యాసిడ్ పడితే ఆల్కలినిటీ, అంటే దాన్ని తట్టుకునే గుణం, అదీ దిగిపోవాలి. దిగలేదు."

ఆయన తొట్టె వైపు ఓసారి చూశాడు. కాళ్లు మాత్రం ఆగలేదు.

తొట్టె నీళ్లు రెండు గ్లాసుల్లో పట్టింది అమల. ఒకటి గదిలో ఉంచి, రెండోది బాల్కనీలో పెట్టి తలుపు వేసేసింది. రెండింట్లోనూ చిన్న పంపులతో గాలి బుడగలు వదిలింది. గంట ఆగాలి. ఆ గంటా ఎవరూ కుదురుగా కూర్చోలేదు.

మధ్యలో భుజాన బ్యాగుతో కూతురు హరిచందన వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో జువాలజీ పీహెచ్‌డీ చేస్తోంది.

"మా డాక్టరమ్మ!" అన్నాడు తండ్రి, అంత కంగారులోనూ గర్వంగా.

ఆ అమ్మాయి ఎవరి వంకా చూడకుండా తన గదిలోకి వెళ్లిపోయింది. శివమ్మ తల దించుకుంది.

గంట దాటాక అమల మీటర్ ముంచింది. బాల్కనీ గ్లాసులో పీహెచ్ 8.2కి పెరిగింది. గదిలోది కదల్లేదు.

"నీళ్లను పాడుచేస్తున్నది ఈ గది గాలి సార్. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్. మూసిన గదిలో పోగైతే నీళ్లలో కలిసి పీహెచ్ దించేస్తుంది."

"పగలంతా ఇంటికి తాళమేనండీ! నేనూ మా ఆవిడా ఆఫీసులకు, అమ్మాయి క్యాంపస్‌కి. శివమ్మ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఇంకెవరుంటారు?"

అమల ఆయన ఫోన్ అందుకుంది. తొట్టెలోని సెన్సర్ పంపే పీహెచ్ గ్రాఫ్ ఆయన రోజూ చూసేదే. చివరి అంకె చూసి పెట్టేసేవాడు, గీత చూసేవాడు కాదు.

"లైట్లు వెలిగినంతసేపూ పగడాల్లోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, ఈ గీత పైకి పోవాలి. ఆదివారం కిటికీలు తెరిచి ఉంటాయి కాబట్టి పైకే పోయింది. మిగతా రోజుల్లో పదింటికి మొదలై ఐదున్నర దాకా దిగుతూనే ఉంది. మీరు తాళం వేసి వెళ్లాక ఎవరో కిటికీలు మూసుకుని ఇక్కడే కూర్చుంటున్నారు."

ఆమె శివమ్మ వైపు తిరిగింది. "అక్కా, నీకు ఎర్కనే గదా. ఎవరు?"

"నాకేం ఎర్కలేదు."

"చెప్పకుంటే నీ మీదికే వస్తది."

"రానియ్యి మేడమ్. మాటిచ్చిన."

అమలకు ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే ఆ కోపం ఎటో పోయింది.

"శివమ్మను ఏమీ అనకండి!"

హరిచందన తలుపు దగ్గర నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే నాన్నా. నా ప్రయోగం మళ్లీ ఫెయిలైంది. ల్యాబ్‌కి వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు. నీకు చెప్పాలంటే అంతకన్నా భయం, ఊరందరికీ డాక్టరమ్మ అని చెప్పేశావ్. మీరు వెళ్లగానే తిరిగొచ్చి ఇక్కడ కూర్చుంటున్నా. పక్కవాళ్లకు కనపడని గది ఇదొక్కటే. ఒకరోజు ఆరేసిన బట్టలకని తన దగ్గరున్న తాళంచెవితో తెరుచుకుని వచ్చి శివమ్మ చూసింది. నేనే ఒట్టేయించుకున్నా."

సూర్యనారాయణ కాళ్లు ఆగిపోయాయి. కూతురివైపు చూశాడు. పిల్ల ఎంత చిక్కిపోయిందో ఇప్పుడు కనపడింది ఆయనకు.

"శివమ్మా, తప్పయిపోయింది," అన్నాడు.

"నాదేమున్నది సార్. ముందుగాల పాపను చూడుండ్రి. అమ్మ డబ్బాల పెట్టిన బువ్వ దినాం అట్లనే తిరిగొస్తున్నది."

ఆయన కూతురికి అన్నం పెడదామని గబగబా వంటింట్లోకి వెళ్లాడు. ఒక అర తెరిచాడు. మూసి ఇంకోటి తెరిచాడు. కంచాలు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు. వెనక్కి వచ్చి శివమ్మను అడిగాడు.