నరసమ్మ బొంత

ఇనుప పెట్టె తెరిచేసరికి లోపల కాసులదండ లేదు, గాజుల జత లేదు... చుట్టిపెట్టిన పసుపు గుడ్డ కూడా లేదు! అత్త నరసమ్మ దినాలు అయిన మరునాడది. కోడలు కృష్ణమ్మ పెట్టె అడుగంతా తడిమి చూసింది.

"తాళంచెవి నీ నడుములోనే ఉండె గదా. సొమ్ములు యాడికి పోయినాయి?" అన్నాడు మొగుడు ఓబులేసు.

"అత్త కాడ ఇంకోటి ఉండె గదా బావా."

"అమ్మ రెండు నెలలు మంచం దిగిందా? నిన్న మామ పాణ్యం పోతా సంచి మోసుకపోయినాడు. అందులో ఏముండె?"

మామంటే పాణ్యంలో ఉండే కృష్ణమ్మ తండ్రి రామయ్య, పోయిన నరసమ్మకు సొంత తమ్ముడు. అక్కను సాగనంపడానికి వచ్చిన మనిషి. ఆ సొమ్ములు కూతురి పెండ్లికి పెట్టిందే ఆయన! పెట్టిన చేతికే దొంగతనం అంటగట్టడానికి ఆ మహానుభావుడికి నోరెలా వచ్చిందో...

ఆ పెట్టె గొప్ప అంతా ఇంతా కాదు. బ్యాంకు లాకరైతే ప్రతి శుభకార్యానికీ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సెక్కాలని, ఓబులేసు దాన్ని నంద్యాలలో కొని తెచ్చాడు. నిప్పు అంటదు, గునపం దిగదు అని ఊరంతా చెప్పుకున్నాడు. నరసమ్మ పెదవి విరిచింది. "దొంగోడు నేరుగా దీని కాడికే వస్తాడు. ట్రంకు పెట్టె రాయితో కొడితే పగులుతాది. జొన్నల పాతర తడి. ముసలిదాని బొంత ఎవరు ముట్టుకుంటారప్పా?" అంది. అందరూ నవ్వారు. కృష్ణమ్మ కూడా నవ్వింది.

తరువాత పక్షవాతం వచ్చి అత్త నోరు పడిపోయింది. పాత చీరలతో కుట్టుకున్న బొంతను ఒంటిచేత్తో కోడలి వైపు తోస్తూనే ఉండేది... ఉక్కపోతేమోనని కృష్ణమ్మ తీసేది, మళ్లీ చలేమోనని కప్పేది. ఆమె పోయిన రోజున, ఆనవాయితీ ప్రకారం ఆ బొంతను తన చేతులతోనే చాకలి దేవమ్మకు ఇచ్చేసింది.

నింద పాణ్యం చేరింది. రామయ్య మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఓబులేసు కృష్ణమ్మను పుట్టింటికి పంపలేదు. వానలు మొదలైనప్పుడు కబురొచ్చింది... నాయన పోయాడు! శవం దగ్గరికి ఆమె ఒక్కతే వెళ్లింది. "నేను తీయలేదని అల్లునికి చెప్పండి" అని చివరిదాకా అంటూనే ఉన్నాడట.

ఇంకో మూడు వారాలకు దేవమ్మ వచ్చింది.

"పోయినామె బొంతని భయపడి ఇన్నాళ్లు అటక మీద పెట్టింటి. ఉతుకుదామని కుట్లు ఇప్పితే ఇవి పడినాయి తల్లీ" అని కొంగుముడి విప్పింది. పసుపు గుడ్డలో కాసులదండ, గాజుల జత. కృష్ణమ్మ వాటిని చూడలేదు. అత్త చేయి బొంతను తన వైపు తోయడమే కళ్లముందు మెదిలింది. గోడకు తలానించి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఓబులేసు అరుగు మీద కూలబడ్డాడు. "తప్పయిపాయ. నన్ను ఏమన్నా అను."

ఆమె నడుములోని తాళంచెవి తీసి అతని పక్కన పెట్టింది. "నిన్నేమంటే ఏమొస్తాది బావా? పాణ్యం పోదాం పా. మా నాయన తీయలేదని నీ నోటితో ఆడ చెప్పు."

"చెప్తే మామ వింటాడా కృష్ణమ్మా?" అన్నాడు ఓబులేసు.

"వినడు. మా అమ్మ వింటాది" అని ఆమె కళ్లు తుడుచుకుని గడప దిగింది.