చూడకుండా రాసిన అంకెలు

ఎనిమిది దాటినా కూతురి గది తలుపు తెరుచుకోలేదు. లిఫ్టు మెకానిక్ బూట్లు తొడుక్కుంటూ భార్య వైపు చూశాడు.

"దానికి ఆలస్యం కావట్లేదా?"

"వెళ్లనంటోంది. మూడు రోజులుగా వెళ్లడమే లేదట. పార్కులో కూర్చుని వస్తోందట," అంది ఆమె మెల్లగా.

అతనికి ఒళ్లు మండింది. నీళ్లు పరీక్షించే ఆ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ కోసం మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఇప్పించింది తనే. ఆ సర్టిఫికెట్ లేనిదే డిగ్రీ చేతికి రాదు. ఏడాది పోతుంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"ఏంటమ్మా ఈ వేషాలు? పని మొదట్లో అలాగే ఉంటుంది. నేను మా మేస్త్రి దగ్గర ఆర్నెల్లు గ్రీజు తుడిచాను. చూసి చూసే నేర్చుకున్నాను."

"నీకు పని చూపించారు నాన్నా." మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న కూతురు తలెత్తలేదు. "మా దగ్గర సీసాల మూత కూడా తీయరు. పోయిన నెల అంకెలే కాస్త అటూ ఇటూ మార్చి రాయమంటారు. సోమవారం పిల్లల ఆసుపత్రి నీళ్లు వచ్చాయి. వాటికీ అలాగే రాయించారు. రెండు నెలల్లో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే."

"పెద్దవాళ్లు చూసుకుంటారులే. ఇంకో నెల కళ్లు మూసుకుంటే గట్టెక్కుతావు," అంది తల్లి గుమ్మంలోంచి.

"మా సారూ అదే అన్నాడమ్మా. అందరూ చేసేదేగా, నేర్చుకో అన్నాడు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నువ్వెప్పుడైనా చూడకుండా రాశావా నాన్నా?"

ట్యూషన్ సెంటరున్న ఆ నాలుగంతస్తుల మేడ అతని కళ్లముందు కదిలింది. పై గదిలో ఉక్కపోతగా ఉందని, ఇంకోచోటికి వేళవుతోందని లిఫ్టును మోసే ఉక్కుతాడు చూడకుండానే తనిఖీ కార్డులో 'బాగుంది' అని రాసేశాడు.

"రాశాను," అన్నాడు చివరికి. "కిందటి వారమే."

అతను పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. "లే అమ్మా. నువ్వూ రా."

ఆ ట్యూషన్ సెంటరు మేడపైన లిఫ్టు మోటారు గదిలో ఆమె టార్చి పట్టుకుంది. అతను తాడుకున్న జిడ్డు తుడుస్తుంటే, తెగిన తీగలు లెక్కపెట్టింది. ఒక్కచోటే తొమ్మిది తేలాయి. అతను లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేసి గోడకు జారగిలబడ్డాడు.

"రోజూ ఎంతమంది పిల్లలు ఎక్కుతున్నారో," అన్నాడు.

ఆమె కాసేపు అతని పక్కనే కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది.

"సోమవారం మీరు పంపిన నీళ్లు అసలు పరీక్షించలేదండీ. మళ్లీ ఇంకెక్కడైనా చేయించండి. ఆ అంకెలు రాసింది నేనే."

అవతల పేరు అడిగారు. ఆమె తండ్రి కళ్లలోకి చూసింది. అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, తలూపాడు.

ఆమె తన పూర్తి పేరు చెప్పింది.