సిమెంటు పూస, పక్క పూస

"బైకు మీదనా పిల్చుకొచ్చేది?"

పావగడలో క్లినిక్ మెట్ల దగ్గర ఫిజియోథెరపిస్ట్ చైత్ర వేసిన మొదటి ప్రశ్న అది. అడిగింది అనడం కన్నా మీద పడింది అనడం న్యాయం. యోగీశ్ హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయాడు. వెనక సీటు మీద అతని అవ్వ కాటమ్మ మహారాణిలా కూర్చుని ఉంది. ఎముకలు గుల్లబారి ఆమె వెన్నుపూస ఒకటి అణిగిపోతే, బెంగళూరులో సూదితో అందులోకి సిమెంటు ఎక్కించి ఇంకా నెల కాలేదు.

"సిమెంటు ఏసినారు గదా మేడం! మా సోలార్ ప్లాంట్‌లో ప్యానెళ్ళ కాళ్ళకు అదే ఏసేది. గాలివానకు గూడా కదల్లేదు."

"ఆడ అన్ని కాళ్ళకూ ఏస్తారప్పా. మీ అవ్వకు ఒక్క పూసకే ఏసినారు. అది గట్టిపడింది, పైదీ కిందదీ ఇంకా పెళుసే. ఈ కొన్ని నెలల్లోనే పక్క పూస విరిగే భయం ఎక్కువ."

"సిమెంటు వల్లనా?"

"సిమెంటు వల్లనో, ఎముకల్లో బలం లేకనో, డాక్టర్లకే ఇంకా తేలలేదు. తేలేదాకా అవ్వను వంగనియ్యాకు, బరువు ఎత్తనియ్యాకు. ఆ బైకును గుంతల్లో దూకించాకు!"

కోపం వస్తే ఆ కళ్ళు అంత పెద్దవవుతాయని యోగీశ్‌కు తెలిసిపోయింది. ఇక తిట్లు తినడానికి దారులు వెతకసాగాడు.

సొంతూరు రాయచెర్లుకు పోతూ చైత్ర స్కూటీ తిరుమణిలో యోగీశ్ ఇంటి ముందు ఆగేది. కాటమ్మకు నడక, నిటారుగా కూర్చోవడం నేర్పేది. ఆమె రాని రోజున యోగీశ్ ఫోన్ చేసేవాడు.

"మేడం, అవ్వ తుమ్మొచ్చా?"

"తుమ్మొచ్చు. నువ్వు ఇట్ల ఫోన్ చేసేది మాత్రం మానల్ల."

అలా అంటూనే మొదటి రింగుకే ఎత్తేది.

ప్లాంట్‌లో తడి ప్యానెల్ మీద మబ్బు తేలేది, ఆ మబ్బులో చైత్ర. పాపం, తుడిచిన ప్యానెల్‌నే మళ్ళీ తుడిచేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. చైత్ర వసారాలో చిక్కుకుపోయింది. యోగీశ్ టవల్ ఇచ్చాడు. తీసుకుంది కానీ తుడుచుకోలేదు. చూరు నుంచి నీళ్ళు జారుతుంటే ఇద్దరూ వాటినే చూశారు, మధ్య మధ్య ఒకరినొకరు.

"వాన నిలిచింది గదా, పోతా."

"ఇంకా మోడం ఉండాది మేడం."

పైన మబ్బు తునక లేదు, చుక్కలు మెరుస్తున్నాయి. అయినా ఆమె ఇంకాసేపు కూర్చుంది. యోగీశ్ మాత్రం చెప్పాల్సిన మాట వదిలేసి వానల గురించే మాట్లాడాడు.

వారం తిరక్కముందే కాటమ్మ మంచం దిగలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే, సిమెంటు వేసిన పూస పక్కదే అణిగింది. డాక్టర్ బెల్టు, విశ్రాంతి, ఎముకలు గట్టిపడే ఇంజెక్షన్లు చెప్పాడు. పోయే వయసులో సూదులెందుకని కాటమ్మ మొండికేసింది.

"నేను చేయించిన ఎక్సర్‌సైజులే తప్పేమో," అంటూ చైత్ర గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఇక ఈ అమ్మాయి తమ గడప తొక్కదేమో అని యోగీశ్‌కు భయమేసింది.

కాటమ్మ తట్టుకోలేకపోయింది. "ఏడవాకు పాపా. తప్పు నాది. గొర్రెపిల్లను ఎత్తినా."

"ఎందుకవ్వా?" చైత్ర ఇటు తిరిగింది.

"మా ఇంట్లో పెండ్లికి పిల్లను కుదుర్చుకుంటే, ఇంటి పెద్దామె కిందనుంచి గొర్రెపిల్లను ఎత్తి ఆ పిల్ల ఒళ్ళో పెట్టల్ల. అప్పుడే మాట కుదిరినట్ల. నీ ఒళ్ళో పెట్టల్లని, ఎత్తేకి అవుతుందో లేదో చూసుకున్యా. ఈడు చూస్తే నోరు ఇప్పడు. నాకు ఇంక టైమ్ యాడుండాది?"

చైత్ర ఏడుపు ఆపి కాటమ్మను చూసింది, తర్వాత యోగీశ్‌ను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"గొర్రెపిల్లను నేను ఎత్తుతా మేడం," అన్నాడు చివరికి. "అవ్వ చెయ్యి పెడుతుంది. మీరు... ఒడి పడతారా?"

"ముందు ఆ మేడం మాను. పడతా." చైత్ర కళ్ళు తుడుచుకుంది. "మా నాయనతో నేనే మాట్లాడతా. కానీ అవ్వ నొప్పి లేకుండా లేచి నిలబడేదాకా ముహూర్తం మాట ఎత్తాకండి."

కాటమ్మ పడుకున్నచోటు నుంచే చెయ్యి చాపింది.

"అట్లయితే ఆ సూదేందో ఈ పొద్దే ఏయించు పాపా."