తోలు కట్టిన గంటలు

"మోగించొద్దంటే మోగించొద్దు. కానీ ఆ మాటేదో నా మొహం చూసి చెప్పు," అన్నాడు నెడ్.

హెస్టర్ అతని మొహం చూడలేదు. చేతులే చూసింది. అది అలవాటు.

వెన్‌బరీ చర్చి గోపురంలో ఆరు గంటలున్నాయి. ఆరుగురు మనుషులు, తలా ఒక తాడు. ఒకరి తాడు దిగగానే మరొకరు లాగాలి. ఎవరి వెనక ఎవరన్నది వరస వరసకీ మారిపోతుంది. అందుకే గంటలు మోగించేవాళ్ళు మొహాలు చూసుకోరు, చేతులు చూసుకుంటారు. రెండేళ్ళుగా ప్రతి మంగళవారం సాయంత్రం హెస్టర్ ఆ చేతుల్ని చూస్తూనే ఉంది. ట్రాక్టర్ల నూనె గోళ్ళలో ఇంకిపోయిన చేతులు. ఎప్పుడూ తొందరపడని చేతులు. ఆ మనిషి ఎటు ఓటేశాడో ఆమె ఏనాడూ అడగలేదు. ఈ రోజు అడగకుండానే తెలిసింది.

మూడున్నరేళ్ళ కిందట జనం వేసిన ఓటు ప్రకారం, ఈ శుక్రవారం రాత్రితో దేశం యూరప్ కూటమి నుంచి బయటికి వచ్చేస్తోంది. శనివారం ఉదయం గంటలు మోగించమని ఊళ్ళో చాలామంది అడుగుతున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడింది నెడ్. చర్చి ఫాదర్ ఈ గొడవ నాకెందుకని నిర్ణయం మోగించేవాళ్ళకే వదిలేశాడు.

"ఇది చర్చి. గెలిచినవాళ్ళ పబ్ కాదు," అంది హెస్టర్.

"పబ్‌లోనూ గంట కొడతారు. ఇక తాగింది చాలు, ఇళ్ళకి పొమ్మని," అన్నాడు మాంసం కొట్టు డెరిక్. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు.

గోపురానికి పెద్ద మిసెస్ ప్రిడీ. డెబ్బై దాటినా అందరికన్నా బరువైన గంట ఆవిడదే. "మూడున్నరేళ్ళుగా ఈ గదిలో ఆ ఊసు రానిచ్చానా? కోటుతో పాటు రాజకీయాలు కూడా ఆ మేకుకే తగిలించమన్నానా లేదా? సరే, వచ్చేసింది. ఆరుగురూ ఒప్పుకుంటే మోగుతాయి. ఒక్కరు కాదన్నా మోగవు. తాళ్ళు పట్టండి."

హెస్టర్ తాడు పట్టలేదు. కోటు తీసుకుని మెట్లు దిగిపోయింది.

బయట వాన. ఉండీ లేనట్టు, మొహానికి మాత్రమే తెలిసే వాన. నెడ్ కోటైనా లేకుండా వెనకాలే వచ్చాడు.

"నువ్వు పోతే మేం ఐదుగురం. ఐదుగురితో ఏం మోగిస్తాం?"

"నీకు కావలసింది ఆరో తాడన్నమాట."

"నాకు కావలసింది నువ్వు," అనేసి అతను కంగారుపడ్డాడు. "అంటే, రెండో గంటకి."

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. "అంత సంబరం దేనికి నెడ్? మనల్ని ఎవరైనా బంధించారా?"

"సంబరం కాదు. ఈ ఊళ్ళో సగానికి పైగా అటు ఓటేశారు. అప్పట్నుంచీ టీవీ వాళ్ళు తెలివితక్కువవాళ్ళంటారు, పట్నం వాళ్ళు తెలివితక్కువవాళ్ళంటారు. ఒక్క ఉదయం, ఒక్క గంటన్నర సేపు, వాళ్ళు చేసింది సిగ్గుపడాల్సిన పని కాదని అనిపించాలి. అంతే."

"నేనెప్పుడూ అలా అనలేదు."

"అన్నావు. పోయిన వేసవిలో, పబ్‌లో. 'అటు ఓటేసినవాళ్ళకి చదివింది అర్థం కాదు' అన్నావు. నేను నీ పక్కనే కూర్చున్నాను."

ఆమెకి గుర్తొచ్చింది. ఆ మాట కాదు, ఆ సాయంత్రం. అప్పుడతను చిప్స్ పళ్ళెం ఆమె వైపు జరిపాడు. దాన్ని చనువనుకుని ఆమె ఇంటిదాకా ఈల వేసుకుంటూ వెళ్ళింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు వేరే బల్లకి వెళ్ళిపోయేదానివి."

కాదని చెప్పాలని నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. చెప్పలేకపోయానన్న కోపంతోనే, "నాకు ఎవరో పోయినట్టుంది నెడ్. నవ్వుకో. పొద్దున్నే లేవగానే ఇంట్లో ఎవరో పోయినట్టుంటోంది," అంది.

అతను నవ్వలేదు. "ఎవరు?" అని మాత్రం అడిగాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

తర్వాతి మూడు రోజులూ హెస్టర్ ఆసుపత్రిలో విరిగిన మోకాళ్ళ చేత వ్యాయామం చేయిస్తూ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పోయినవాళ్ళెవరు? చెల్లెలు బెల్జియంలో హాయిగా ఉంది, రేపూ అక్కడే ఉంటుంది. పోయింది దేశం మీద నమ్మకమా, తన తెలివి మీద తనకున్న నమ్మకమా? ఒక మనిషి చేతులు రెండేళ్ళు చూసి అతను తనలాంటివాడే అనుకుంది. ప్రేమ అని తను పెట్టుకున్న పేరు, బహుశా, అద్దంలో తన బొమ్మకే పెట్టుకున్న పేరు. ఆ ఆలోచన ఆమెకి నచ్చలేదు. నచ్చలేదు కాబట్టి నిజమేనేమో అనిపించింది.

శనివారం ఉదయం, కాదనే మాట ఎదురుగా నిలబడి చెబుదామని గోపురానికి వెళ్ళింది. కింద గదిలో మిసెస్ ప్రిడీ ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటోంది.

"వచ్చావా అమ్మాయ్. అబ్బాయి పైనున్నాడు. తోలు పట్టీలు అడిగి పట్టుకెళ్ళాడు. ఎవరు పోయారయ్యా అంటే, హెస్టర్‌ని అడగండన్నాడు. ఎవరు పోయారే?"

గంటలు మోగించేవాళ్ళకి చావు వార్త వస్తే చేసే పని ఒకటుంది. గంట లోపల ఊగే నాలుకకి ఒక పక్క తోలు కడతారు. అప్పుడు ఒక దెబ్బ మామూలుగా మోగుతుంది, తర్వాతి దెబ్బ దూరంనుంచి వచ్చినట్టు మసగ్గా వినిపిస్తుంది.

హెస్టర్ నిచ్చెనెక్కింది. నెడ్ పెద్ద గంట కింద వెల్లకిలా పడుకుని పట్టీ బిగిస్తున్నాడు. జుట్టు నిండా పావురాల ఈకలు.

"ఏం చేస్తున్నావ్?"

"నువ్వే చెప్పావుగా."

"ఎవరో చెప్పలేదుగా."

"తెలియక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరో పోయారు, మా ఇంట్లో వేడుక. రెండూ ఒకే గోపురం కింద. ఇంతకన్నా నాకేమీ తోచలేదు." పట్టీ వదిలేసి ఆమె వైపు చూశాడు. "వద్దంటే విప్పేస్తాను. అసలు మోగించొద్దన్నా సరే. నీకు నచ్చజెప్పడానికి కట్టలేదు."

"మరెందుకు కట్టావ్?"

"నీ బాధ నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఉందని తెలుసు. చేతులు ఊరుకోలేదు."

ఆమె దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంది. "వదులుగా కట్టావు. రెండో దెబ్బకే జారిపోతుంది. ఇటివ్వు."

మిగతావాళ్ళూ వచ్చాక ఆరుగురూ తాళ్ళు పట్టారు. ఒక దెబ్బ ఊరంతా పరుచుకుంది. తర్వాతి దెబ్బ, ఎక్కడో పొలాల అవతల మరో ఊళ్ళో మోగినట్టు వచ్చింది. ఆరు గంటలు, ఒకసారి గట్టిగా, ఒకసారి లోపల్నుంచి. హెస్టర్ నెడ్ చేతుల్ని అనుసరించింది, వరస మారినప్పుడు అతను ఆమె చేతుల్ని అనుసరించాడు. ఎక్కడా తప్పలేదు.

కిందికి దిగేసరికి గేటు దగ్గర ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. పబ్ యజమాని, "పండగ రోజున చావు గంటలేంటి?" అన్నాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, "ఈ విజయోత్సవమేంటి?" అన్నాడు. మిసెస్ ప్రిడీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరికీ నచ్చలేదా? అయితే సరిగ్గానే మోగించాం," అని ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది.

హెస్టర్, నెడ్ గోడ పక్కన ఆగారు. వాన లేదు, ఎండా లేదు.

"రేపు మళ్ళీ ఓటు పెడితే?" అని అడిగింది.

"అటే వేస్తాను."

"నేనూ ఇటే."

"తెలుసు."

జవాబు గుచ్చుకుంటుందని ఆమె ఎదురుచూసింది. గుచ్చుకోలేదు. మారతానని అతను అని ఉంటే తను నమ్మేది కాదు. నమ్మినా, రేపట్నుంచి అతని ప్రతి మాటనీ అనుమానించేది. ఎదుట నిలబడ్డవాడు అద్దం కాదు. జుట్టులో ఈకలున్న ఒక మనిషి.

ఆమె ఒక ఈక తీసింది. తీసిన చేతిని అతను పట్టుకున్నాడు.

"రేపు మా అమ్మ దగ్గర భోజనం. వస్తావా?" అంది హెస్టర్.

"మీ అమ్మ ఎటు?"

"ఇటే. నాకన్నా నాలుగాకులు ఎక్కువ. బల్ల మీద మాంసం కోయకముందే వాదన మొదలుపెడుతుంది."

"ఏమని పరిచయం చేస్తావ్?"

హెస్టర్ ఆలోచించింది. ఈసారి అతని మొహం చూసింది.

"నేను ప్రేమిస్తున్నవాడని. మిగతాది నువ్వే చెప్పుకో. నా పక్కన కూర్చుని మాట దాచిపెట్టడం మాత్రం, నెడ్, ఇక కుదరదు."